సదాశివ చెప్పని కబురు

నాకు పరిచయమయ్యేటప్పటికే సదాశివగారికి నలభై దాటాయి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో విద్యావతమ్మ ఆడవాళ్ల కోసం ఒక ఆశ్రమం నడిపేది. ఆశ్రమమంటే పెద్ద భవనమేమీ కాదు, కిరాయికి తీసుకున్న పాత పెంకుటిల్లు. నాలుగు గదులు, ఒక వాకిలి, ఒక నల్లా. మోసపోయి ఒళ్లమ్ముకునే బతుకులోకి నెట్టబడిన ఆడవాళ్లు, దాంట్లోంచి బయటపడాలనుకునేవాళ్లు, ఆ అంచున నిలబడినవాళ్లు అక్కడికొచ్చేవారు. నేను వాళ్లకు చదువు చెప్పేదాన్ని. సదాశివగారు వాళ్ల ఉత్తరాలు రాసిపెట్టేవాడు, దవాఖానలకు తోడు వెళ్లేవాడు, రేషన్ కార్డుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. ఎవరైనా మంచిమాట అంటే మొహం పక్కకు తిప్పుకునేవాడు. అది మొహమాటమని చాలాకాలం అనుకున్నాను. అది మొహమాటం కాదని ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయనే చెప్పాడు. ఆయన చెప్పిందీ, ఆ తర్వాత నేను చూసిందీ కలిపి రాస్తున్నాను.

సదాశివగారిది పాతబస్తీ కుటుంబం. తండ్రి సర్కారు దఫ్తర్‌లో గుమాస్తా. పదహారో ఏట అబిడ్స్‌లో వామన్‌రావు గారి ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఆయన పని కెమెరా దగ్గర కాదు, వెనక గదిలో. నెగెటివ్ మీద సూదిలాంటి పెన్సిల్ మొనతో టచింగ్ చేయడం. మచ్చలు, ముడతలు, కళ్ల కింద నలుపు, అన్నీ తీసేసేవాడు. పెళ్లిచూపులకు పంపే ఫోటోలంటే సదాశివ చెయ్యే పడాలనేవారు. అమ్మవారు పోసిన ఆడపిల్లల మొహాలు నున్నగా చేసి ఎన్ని సంబంధాలు కుదిర్చాడో ఆయనకే లెక్క తెలియదు. ఆ పని మీద ఆయనకు గర్వం ఉండేది.

1961లో గోపాలరావు అనే మనిషి స్టూడియోకు రావడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, నిదానమైన మాట. పెళ్లి సంబంధాలు చూస్తానని చెప్పుకునేవాడు. మూడు నాలుగు నెలలకోసారి ఒక పల్లెటూరి పిల్లను తీసుకొచ్చేవాడు. స్టూడియోలో ఫోటోల కోసం ఉంచిన జరీచీర, గిల్టు హారం తొడిగించి ఫోటో దింపించేవాడు. ఒక్కో ఫోటోకు పన్నెండు కాపీలు అడిగేవాడు.

"పెళ్లి సంబంధానికి రెండు కాపీలు చాలు, మరీ పెద్దింటివాళ్లయితే మూడు," అన్నాడు సదాశివగారు నాతో. "పన్నెండు ఎందుకని నాకు రెండో పిల్లప్పుడే అనుమానం వచ్చింది విమలా. మూడో పిల్లప్పుడు అర్థమయింది. నాలుగో పిల్లప్పుడు అర్థం కానట్టు ఉండటం అలవాటయింది. మా సేఠ్ వామన్‌రావు అడగలేదు, నేనూ అడగలేదు."

మణెమ్మ ఏడో పిల్ల.

1963 మే నెల, శనివారం. పెళ్లిళ్ల కాలం కావడంతో స్టూడియో కిటకిటలాడుతోంది. పొద్దున పదకొండింటికి గోపాలరావు ఆమెను తీసుకొచ్చాడు. పద్దెనిమిదేళ్లుంటాయి. సిమెంటు పనికి పగిలిన చేతులు, ఎడమ కనుబొమ్మను చీల్చినట్టు చిన్న గాటు. వామన్‌రావుగారు ముందుగదిలో ఒక పెళ్లివారితో మాట్లాడుతున్నాడు. గోపాలరావు పాన్ కట్టించుకోవడానికి రోడ్డు దాటాడు. స్టూల్ మీద కూర్చోబెట్టి, కొంగు సర్దుకోమని చెప్పే పని ఆరోజు సదాశివగారి మీద పడింది.

ఆ పిల్ల తలుపు వైపు ఒకసారి చూసి మెల్లగా అడిగింది. "అన్నా, గీ ఫోటో లగ్గానికేనా?"

"ఔ. ఆయన చెప్పలేదా?"

"చెప్పిండు. గని ఇయ్యాల్లనే బొంబాయి బండి ఎక్కాల్నంటున్నడు. పిల్లగాడు గాడనే ఉన్నడట. మా అమ్మకు గీ ముచ్చట తెల్వది. ఫోటో దించుకొని మాపటికి వస్తనని చెప్పి వచ్చిన."

సదాశివగారు లైటు కాస్త పక్కకు జరిపాడు.

"మా అమ్మ పేరు కొండమ్మ. మాది పాలమూరు దిక్కు. ఖైరతాబాద్‌ల కొత్త ఆఫీసు కడుతున్రు గద, గాడ ఇటుకలు మోస్తది. జర కబురు చెప్తరా అన్నా? అమ్మ వస్తే నేను పోను. వద్దంటే వీడు వింటలేడు."

"చెప్తా."

"మర్చిపోరు గద?"

"లేదమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఇంతలో గోపాలరావు నోట్లో పాన్‌తో లోపలికొచ్చాడు. ఫోటో దిగింది. నాలుగింటికల్లా పన్నెండు కాపీలూ అర్జెంటుగా కావాలన్నాడు. ఆరింటికి బండి ఉందన్నాడు. పిల్లను వెంటపెట్టుకుని వెళ్లిపోయాడు.

అబిడ్స్ నుంచి ఖైరతాబాద్‌కు సైకిల్ మీద ఇరవై నిమిషాలు. స్టూడియో గోడకు ఆయన సైకిల్ ఆనించే ఉంది. ఒంటిగంటకు అన్నానికి ఇంటికెళ్లాడు. నాంపల్లిలో ఇల్లు. భార్య శశికళ వడ్డించిన అన్నం తిని తిరిగొచ్చాడు. నెగెటివ్‌ను ఫ్యాన్ గాలికి ఆరబెట్టి టచింగ్‌కు కూర్చున్నాడు. కనుబొమ్మ మీది గాటును పెన్సిల్‌తో నింపాడు. చెంపలు నున్నగా చేశాడు. ఇది పూర్తిచేసి వెళ్దాం అనుకున్నాడు. తర్వాత డార్క్‌రూంలో ఒక్కో కాపీ తీస్తుంటే నీళ్లలో ఆ మొహం పన్నెండుసార్లు తేలింది. ఇది అయ్యాక వెళ్దాం అనుకున్నాడు. నాలుగింటికి గోపాలరావు ఒక్కడే వచ్చి కవరు తీసుకున్నాడు. "ఏం చెయ్యయ్యా నీది! బొమ్మలెక్క జేసినవ్," అన్నాడు.

అప్పటికింకా రెండు గంటల టైం ఉంది. ఖైరతాబాద్ పోవచ్చు. కొండమ్మను సైకిల్ మీద స్టేషన్‌కు తీసుకురావచ్చు. అదీ కాకపోతే స్టేషన్ పక్కనే ఉంది, పోయి ఆ పిల్ల పక్కన నిలబడవచ్చు. మాట్లాడకపోయినా సరే, ఉట్టిగానే నిలబడవచ్చు. సదాశివగారు ఇంకో పెళ్లివారి నెగెటివ్ బల్ల మీద పెట్టుకున్నాడు. ఆరింటి తర్వాత రైలు కూత వినిపించింది. నాంపల్లిలో ఏళ్లుగా కాపురమున్నవాళ్లకు రైలు కూత చెవికెక్కదు. ఆరోజు ఆయనకు ఎక్కింది.

"భయమా?" అని అడిగాను.

"భయమైతే నయం," అన్నాడు. "గోపాలరావంటే భయం లేదు. సేఠ్ పనిలోంచి తీసేస్తాడనీ లేదు. ఉట్టి బద్ధకం విమలా. నాకెందుకులే అనుకున్న. అంతే."

నాలుగో రోజు కొండమ్మ స్టూడియోకు వచ్చింది.

వెనక గది, ముందు గది మధ్య ఒక నల్ల గుడ్డ వేలాడుతుండేది. దాని వెనక సదాశివగారు పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. ముందుగదిలో ఒక ఆడగొంతు వినిపించింది.

"సారూ, మా పిల్లె గీడ ఫోటో దించుకున్నదా? శనివారం దినం. ఫోటోకని పోయింది, మళ్ల రాలె."

"ఫోటో ఉంటే చూపెట్టమ్మా, పోల్చుకుంటం," అన్నాడు వామన్‌రావు.

"ఫోటో మాకేడిది సారూ? గీడ దించుకున్నదేమోనని అడుగవట్టె. గింత పొడుగుంటది. కంటి మీద గాటుంటది. మణెమ్మ. గొడుగాయన తీస్కొచ్చిండు."

"రోజుకు యాభైమంది వస్తరమ్మా. ఎవరని యాదికుంటది?"

"గీ బజార్ల అన్ని షాపులు తిరిగిన సారూ. గిదే ఆఖరు."

సదాశివగారి చేతిలో పెన్సిల్ మొన విరిగింది. గుడ్డ పక్కకు తీస్తే ఒక్క అడుగు. తియ్యలేదు. ఆమె ఇంకాసేపు నిలబడింది, ఎవరూ ఏమీ అనకపోతే వెళ్లిపోయింది. వామన్‌రావు లోపలికొచ్చి "శనివారం గోపాలరావు తెచ్చిన పిల్లనే గద?" అని అడిగాడు. సదాశివగారు తలూపాడు. "మనకెందుకు, ఫోటో తీసుడే మన పని," అన్నాడు సేఠ్. ఆ మాట తను చాలా రోజులుగా మనసులో అనుకుంటున్నదే. 

మూడు వారాలు అన్నం సయించలేదు. అబిడ్స్ రోడ్డు మీద కొండమ్మ రెండుసార్లు కనబడింది. వేరే స్టూడియోల మెట్ల దగ్గర, వచ్చేపోయే వాళ్ల మొహాలు చూస్తూ నిలబడి ఉంది. రెండుసార్లూ ఆయన సైకిల్ ఇంకో సందులోకి తిప్పాడు. చివరికి ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ శశికళమ్మకు అంతా చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టింది. ఆమెకు మాటలు తక్కువ.

"ఆ తల్లికి మీరు పోయి చెప్తరా, నన్ను పొమ్మంటరా?"

ఆరోజే స్టూడియోలో ఎవరూ చూడకుండా ఒక కాపీ తీసి ఖైరతాబాద్ వెళ్లాడు. ఎండలో ఇటుకల వరస పక్కన కొండమ్మ కూర్చుని జొన్నరొట్టె తింటోంది. సదాశివగారు ఫోటో చేతికిచ్చాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది.

"మా మణెమ్మనే. గని కంటి మీద గాటేది సారూ? చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే దాతి తగిలింది దానికి. గిందుల లేదేంది?"

"నేనే తీసేసినమ్మా. అందంగా కనబడాలని."

ఆమెకు అర్థం కాలేదు. గాటు లేకపోతే తన బిడ్డను ఎవరు పోలుస్తారని అడిగింది. తర్వాత అడిగింది, "ఫోటో దించేటప్పుడు ఏమన్న అన్నదా సారూ, నా బిడ్డ? యాడికి పోతున్ననో ఏమన్న చెప్పిందా?"

చెప్పడానికే వచ్చాడాయన. దారి పొడవునా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాడు. ఆమె మొహం చూసేసరికి ఇంకో మాట వచ్చింది.

"బొంబాయి అని గోపాలరావు అంటుంటే విన్న. పిల్ల ఏం అన్లేదమ్మా."

చేసిన తప్పులన్నిటిలో ఈ అబద్ధమే ఎక్కువ కోసిందని నాతో అన్నాడు. మొదటివి రెండూ చెయ్యకుండా ఉండటం వల్ల జరిగినవి. ఇది నోరు తెరిచి చేసింది.

మర్నాడు స్టూడియోకు వెళ్లి మణెమ్మ నెగెటివ్ తీశాడు. టర్పెంటైన్‌లో దూది ముంచి తన టచింగ్ అంతా తుడిచేశాడు. గాటు మళ్లీ కనబడింది. పగిలిన పెదవి, కళ్ల కింద నలుపు, అన్నీ తిరిగొచ్చాయి. ఆ కాపీ తీసుకుని కొండమ్మతో కలిసి ఠాణాకు వెళ్లాడు. అక్కడ రాసుకుని పంపించారు. ఒక జవాను జాలిపడి, "బషీర్‌బాగ్ స్కూల్లో విద్యావతమ్మ అని టీచరమ్మ ఉంది, ఆమె దగ్గరికి పోండి," అన్నాడు.

విద్యావతమ్మ అప్పుడు ఇంకా ఉద్యోగంలోనే ఉంది. నెరిసిన జుట్టు, మందపాటి అద్దాలు, సూటిగా మాట్లాడే మనిషి. ఇలాంటి వ్యాపారాన్ని ఆపడానికి కొత్త చట్టం వచ్చి అప్పటికి ఐదారేళ్లయింది. ఆడవాళ్లను పోలీసు లారీ ఎక్కించడానికి పనికొచ్చినంతగా అది అమ్మేవాళ్లను పట్టుకోవడానికి పనికి రావట్లేదని ఆమె బాధ. ఫోటో చూసి ఒకటే ప్రశ్న వేసింది.

"ఆ గోపాలరావు ఎంతమందిని తెచ్చాడు మీ దగ్గరికి?"

సదాశివగారు తల దించుకున్నాడు. "ఏడుగురు."

"నెగెటివ్‌లు ఉన్నాయా?"

"ఉన్నయి."

"అయితే మీకు తెలుసన్నమాట."

"ఔనమ్మా. తెలుసు."

ఏడు నెగెటివ్‌లూ, కవర్ల మీద రాసిన పేర్లూ ఊళ్లతో సహా, తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఏడింటి మీదా తన టచింగ్ తుడిచేశాడు. కాపీలు తీసి బొంబాయి, పూనా, షోలాపూర్‌లలో ఇలాంటి పనే చేసే సంఘాలకు విద్యావతమ్మ పంపింది. సంగతి తెలిసి వామన్‌రావు సదాశివగారిని పనిలోంచి తీసేశాడు. గోపాలరావు రెండు నెలలకు ఒక లాడ్జిలో పట్టుబడ్డాడు. జేబులో ఇంకో పిల్ల ఫోటోలు దొరికాయి, వేరే స్టూడియోవి.

కోర్టులో సదాశివగారు సాక్ష్యం చెప్పాడు. గోపాలరావు వకీలు అడిగాడు. "ఈ ఫోటోలు అందంగా తయారుచేసింది ఎవరు?" నేనే అన్నాడు. "కూలి తీసుకున్నారా?" తీసుకున్నానన్నాడు. "అనుమానం ఎప్పుడొచ్చింది?" రెండో పిల్లప్పుడన్నాడు. "మరి మిగతా ఐదుగురిని ఎందుకు తయారుచేశారు?"  జడ్జి అడ్డుపడి వకీలును తర్వాత ప్రశ్నకు వెళ్లమన్నాడు. గోపాలరావుకు రెండేళ్లు శిక్ష పడింది. "నాకూ పడాల్సింది," అన్నాడు నాతో. మాటవరసకు కాదు, నిజంగానే అనుకుంటున్నాడు.

మణెమ్మ బండెక్కిన పధ్నాలుగు నెలలకు బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. కనుబొమ్మ మీద గాటున్న పిల్ల ఒకామె దొరికింది, పేరు వేరే చెబుతోంది, ఊరు మాత్రం పాలమూరు దిక్కు అంటోంది. విద్యావతమ్మ తెలిసినవాళ్లను పంపి ఆమెను రప్పించింది.

ఆరోజు నాంపల్లి స్టేషన్‌కు ముగ్గురూ వెళ్లారు. విద్యావతమ్మ, కొండమ్మ, వెనక సదాశివగారు. పొద్దున తొమ్మిదింటికి బండి ఆగింది. మణెమ్మ దిగింది. మనిషి సగమైంది. తల్లి ఆమెను పట్టుకుని ఏడ్చింది. మణెమ్మ ఏడవలేదు. తల్లి భుజం మీదుగా సదాశివగారిని చూసింది. పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది.

"గీయన చెప్పలేదా అమ్మా నీకు?"

"ఏం చెప్పాలె బిడ్డా? గీ సారే నీ ఫోటో తెచ్చి ఇచ్చిండు."

"గా దినం చెప్పలేదా? నేను చెప్పుమన్న గద. ఖైరతాబాద్ పోయి మా అమ్మను తీస్కరమ్మని. ఫికర్ చెయ్యకు అన్నడు. బండి ఎక్కిందాక చూసిన. నువ్వు ఉరుక్కుంట వస్తవని."

కూలీలు సామాన్లు మోసుకుని పక్కనుంచి పోతున్నారు. కొండమ్మ వెనక్కి తిరిగింది. ఆమె తిడుతుందని, కొడుతుందని సదాశివగారు ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె ఆయన్ను చూసి చాలా నెమ్మదిగా అంది.

"ఏం అన్లేదు అంటివి గద సారూ."

"తప్పయింది."

"గా శనివారం నేను రెండో అంతస్తు మీద ఉన్న. మీదికెల్లి రోడ్డు మొత్తం కనబడుతుండె. నువ్వొస్తే కనబడుతుంటివి." బిడ్డ చెయ్యి పట్టుకుని మళ్లీ అంది. "గని నేనే పంపిన గద గా గొడుగాయన ఎంబడి. లగ్గం జేస్తడని. నిన్ను ఏ నోటితోని తిట్టాలె?"

సదాశివగారు ఆ మాటను పట్టుకుని తేలికపడవచ్చు. పడలేదు. ఒక తల్లి మోసపోయి పంపడమూ, తను తెలిసి ఊరుకోవడమూ ఒకటి కాదని ఆయనకు తెలుసు.

ఆ తర్వాతే విద్యావతమ్మ ఆ పెంకుటిల్లు తీసుకుని ఆశ్రమం పెట్టింది. సదాశివగారు వేరే స్టూడియోలో సగంపూట పనికి కుదిరి, మిగతా సగం ఆశ్రమానికి ఇచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. కొండమ్మ అక్కడ వంటకు కుదిరింది. ఏడేళ్లపాటు ఆమె వండిన అన్నమే సదాశివగారు మధ్యాహ్నాలు తినేవాడు. మజ్జిగ పోయమంటావా, ఇంకో ముద్ద పెట్టమంటావా, ఇవి తప్ప ఆమె ఆయనతో మాట్లాడేది కాదు.

మణెమ్మ మొదట్లో రోజంతా గోడకానుకుని కూర్చునేది. ఆశ్రమం గేటుకు తాళం ఉండేది, బయటివాళ్లు రాకుండా ఉండాలని. ఒకరోజు విద్యావతమ్మను నిలదీసింది. "బొంబాయిల గూడ తాళం ఏసేటోళ్లు. గాడికి గీడికి ఫరక్ ఏంది?" విద్యావతమ్మ ఆ సాయంత్రమే తాళం తీయించింది. ఇద్దరు ఆడవాళ్లు వెళ్లిపోయారు. ఒకామె తిరిగొచ్చింది, తోడు ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది.

నేను 1967లో అక్కడ చేరాను. అప్పటికి మణెమ్మే ఆశ్రమానికి కాళ్లూ చేతులూ. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జిల్లో, సందుల్లో గదులు తీసుకుని ఆ పనిలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పగటిపూట వెళ్లి కూర్చునేది. విద్యావతమ్మ వెళితే వాళ్లు తలుపు వేసుకునేవారు. మణెమ్మ వెళితే చాయ్ ఇచ్చేవారు. ఆ పని మానుకోమని ఎవరికీ చెప్పేది కాదు. జబ్బు చేసిందా, దవాఖానకు పోదాం. బిడ్డను బడిలో వెయ్యాలా, రండి. ఇంటికి ఉత్తరం రాయాలా, ఫోటో సారున్నాడు. సదాశివగారిని ఆమె ఫోటో సార్ అనే పిలిచేది. చెప్పాల్సిన పని చెప్పేది, వెళ్లేది.

ఒక పిల్లవాడి బడి విషయం నాకు బాగా గుర్తు. దరఖాస్తులో తండ్రి పేరు రాయాలన్నారు. తల్లి కళ్లు దించుకుంది. సదాశివగారు తన పేరు రాయమన్నాడు. మణెమ్మ కాగితం లాక్కుంది. "వద్దు సార్. మీ పేరు రాసి పుణ్యం కట్టుకుంటరా? అమ్మ పేరు రాస్తే ఎందుకు తీస్కోరో నేను అడుగుత." హెడ్‌మాస్టరు గదిలో రెండు గంటలు నిలబడి తల్లి పేరుతోనే చేర్పించింది. బయటికొచ్చాక సదాశివగారు నాతో అన్నాడు. "కరెక్టే చెప్పింది. నేను నా కోసమే రాద్దామనుకున్న."

1971లో కొండమ్మ పోయింది. పదిరోజులు జ్వరం. ఆ పదిరోజులూ సదాశివగారూ శశికళమ్మా దగ్గరే ఉన్నారు. ఆఖరి మధ్యాహ్నం కొండమ్మ ఆయన్ను చూసి ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. ఏం చెప్పాలనుకుందో ఆయనకు జీవితాంతం అంతుబట్టలేదు. మంచిమాటే అయ్యుంటుందని నేనన్నాను. "అట్లా అనుకునే హక్కు నాకు లేదు," అన్నాడు.

కర్మకాండలయిన వారానికి, వాకిట్లో మేం ముగ్గురమే ఉన్నప్పుడు ఆయన మణెమ్మను అడిగాడు. ఎనిమిదేళ్లలో అడగడం అదే మొదటిసారి.

"మణెమ్మా, మీ అమ్మను అడుగలేకపోయిన. నన్ను మాఫ్ చేస్తవా?"

మణెమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"మాఫ్ చేసిన అంటే మీ మనసు తేలికయితది. నాదెట్ల తేలికయితది సార్?" కోపం లేకుండానే అంది. "నాకు మీ మీద పగ లేదు. గోపాలరావు మీద ఉన్నది. గాడు ఎదురుపడితే ఉమ్మేస్త. మీ మీదది పగ గాదు. మీరు చెప్త అంటే నమ్మిన. గంతే. గా నమ్మిన పిల్ల మళ్ల రాదు, నేను ఎట్ల తెచ్చియ్యాలె?"

సదాశివగారు తలూపాడు.

"రేపు పొద్దుగాల తొమ్మిదింటికి రండి. కాచిగూడల ఒక పిల్ల ఉన్నది. నెల సంది నెత్తురు పోతుందట, భయపడి దవాఖానకు పోతలేదు. గాడ చిట్టీల లైన్ల నిలబడనీకె మనిషి కావాలె."

ఆయన వెళ్లాడు. ఆ పిల్ల బతికింది. తర్వాత ఆశ్రమంలో కుట్టుపని నేర్చుకుని, కొన్నాళ్లుండి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. మంచికే వెళ్లిందో చెడుకే వెళ్లిందో మాకు తెలియలేదు. మా పనిలో చాలామంది సంగతి అంతే.

1976లో నాకు సర్కారు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వదిలేయాల్సి వచ్చింది. వెళ్లేముందు చెప్పిపోదామని సదాశివగారి ఇంటికి వెళ్లాను. టచింగ్ పని చేసీ చేసీ ఆయనకు చూపు మందగించింది. శశికళమ్మ పక్కన కూర్చుని ఉత్తరాలు రాస్తోంది. ఆయన చెబుతున్నాడు, ఆమె రాస్తోంది. బొంబాయికొకటి, పూనాకొకటి, షోలాపూర్‌కొకటి. ఆ ఏడుగురిలో దొరికింది ముగ్గురే. మిగతా నలుగురి గురించి ప్రతి ఏడూ ఆ సంఘాలకు రాస్తున్నాడట. ఇన్నేళ్ల తర్వాత ఫోటో చూసి ఎవరు పోలుస్తారని నాకు అనిపించింది, అనలేదు. నా మొహం చూసి ఆయనే అర్థం చేసుకున్నాడు.

"ఇప్పుడు వాళ్లకు ముప్పై, ముప్పై ఐదు ఉంటయి విమలా. మొహాలు మారుంటయి. గని పేర్లు యాదికున్నయి గదా," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి నెమ్మదిగా నాలుగు పేర్లూ చెప్పాడు, ఊళ్లతో సహా, ఆమె రాసుకునేదాకా ఆగుతూ.